ఒకే పెట్టెలో గొల్లభామలు: ఎప్పుడు కుదురుతుంది, ఎందుకు చెడుతుంది

బెంగళూరు అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో కుండీలు పెంచే మన తెలుగువాళ్లకు ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే సంగతి ఇది. కరివేపాకు కొమ్మకో, మందార కాండానికో, ఒక్కోసారి కిటికీ గ్రిల్‌కో గోధుమరంగు ముద్ద ఒకటి అతుక్కుని కనిపిస్తుంది. నురుగు గట్టిపడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అది గొల్లభామ గుడ్ల గూడు. ఏదో ఒక ఉదయం అందులోంచి చీమల్లాంటి పిల్లలు సన్నటి దారాలకు వేలాడుతూ దిగుతాయి. జాతిని బట్టి వంద దాటినా ఆశ్చర్యం లేదు. ఇంట్లో పిల్లలు "అమ్మా, పెంచుకుందాం" అని వెంటపడతారు. అన్నింటినీ ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకు చిల్లులు పెడతారు. కొన్నాళ్లకు చూస్తే కొన్నే మిగులుతాయి, మిగిలినవి మాత్రం బాగా లావెక్కి ఉంటాయి.

ఇంకోపక్క గొల్లభామలను, అంటే ఇంగ్లీషులో మాంటిస్‌లను, ఇష్టంగా పెంచే కుర్రాళ్లు కొందరు ఇదే ఊళ్లో ఒకే జాలీ పెట్టెలో డజను గొల్లభామలను నెలల తరబడి ఉంచుతున్నారు. అవి పక్కపక్కనే వేలాడుతూ ఉన్న ఫోటోలు చూపిస్తారు. కాబట్టి "ఒకదాన్నొకటి తినేస్తాయి, కలిపి పెట్టొద్దు" అనేవాళ్లూ ఉన్నారు, "ఏం కాదు, హాయిగా ఉంటాయి" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చూసిందే చెబుతున్నారు. అయితే ఇద్దరూ దాన్ని పురుగు స్వభావంగా చెబుతున్నారు. అక్కడే నాకు పేచీ. జాతి స్వభావానికి కొంత పాత్ర ఉంది కానీ, ఒక పెట్టెలో శాంతి నిలవడం తిండి, పరిమాణం, వేడి, చోటు అనే నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఎంత సాధువైన జాతి పెట్టె అయినా ఖాళీ అవుతుంది.

కదిలిందల్లా తిండే

గొల్లభామ తన చుట్టూ ఉన్నదాన్ని ఎలా చూస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. దాని తల దాదాపు 180 డిగ్రీలు తిరుగుతుంది. రెండు పెద్ద కళ్లూ ముందుకు చూస్తాయి. రెండు కళ్లకు కనబడే దృశ్యాల తేడాను బట్టి దూరాన్ని లెక్కగట్టగలదని ఇప్పటిదాకా రుజువైన కీటకం ఇదొక్కటే. ఈ సంగతిని 1983లోనే రోసెల్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 2016లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్, వివేక్ నిత్యానంద తదితరులు గొల్లభామలకు తేనెమైనంతో బుల్లి త్రీడీ కళ్లద్దాలు అతికించి, తెర మీద కదిలే చుక్కను చూపించారు. తెరకు ఇవతల గాల్లో తేలుతున్నట్టు కనబడిన ఆ చుక్క మీదికి అవి ముందుకాళ్లు విసిరాయి. ఈ వివేక్ నిత్యానంద పీహెచ్‌డీ చేసింది మన బెంగళూరు ఐఐఎస్‌సీలోనే, కీచురాళ్ల జాతి పురుగుల పాటల మీద. ఇక్కడి పెంపకందారులు ఆ మాట కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు.

అదే బృందం 2018లో మరో అడుగు వేసింది. మనం రెండు కళ్లలోని బొమ్మలను పోల్చి లోతు తెలుసుకుంటాం. గొల్లభామ బొమ్మను పట్టించుకోదు, ఎక్కడ మార్పు జరుగుతోందో దాన్నే పోలుస్తుంది. రెండు కళ్లకు పూర్తిగా వేర్వేరు బొమ్మలు చూపించినా, కదిలే చోటు సరిపోతే చాలు, దూరం పట్టేస్తుంది. పెంపకందారుడికి దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. నిశ్చలంగా ఉన్నది దాని లెక్కలో పెద్దగా లేనట్టే. తగిన సైజులో, అందే దూరంలో కదిలింది తిండి. ముందుకాళ్లు విసిరి పట్టడానికి దానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఆ కదిలింది ఈగా, తోబుట్టువా అన్న విచారణకు చోటు లేదు.

"తగిన సైజు" అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. తనకన్నా బాగా పెద్దది కదిలితే గొల్లభామ వెనక్కి తగ్గుతుంది, లేదా రెక్కలు విప్పి, ముందుకాళ్లు పైకెత్తి బెదిరిస్తుంది. తనంతదే ఎదురైతే రెండూ చాలాసేపు బిగుసుకుని, ఊగి, చివరికి చెరోవైపు నడిచిపోవడం మామూలు. అసలు ప్రమాదం తేడా వచ్చినప్పుడు. ఒకటి ఒక్క కుబుసం ముందుకెళ్లిందంటే చాలు, వెనకబడింది దానికి ఆహారపు సైజులోకి వచ్చేస్తుంది. తిన్నది ఇంకా పెరుగుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. డబ్బాలో వంద పిల్లలు కొద్ది వారాల్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగలడానికి కారణం ఈ గొలుసే.

బయట మొక్కల మీద ఇలా ఎందుకు జరగదని అడుగుతారు. బయటా జరుగుతుంది, కానీ తక్కువ. గుడ్ల గూడులోంచి వచ్చిన పిల్లలు త్వరగా చెదిరిపోతాయి. ఒక్కోటి ఒక్కో ఆకు కిందికి, ఒక్కో కొమ్మ మీదికి వెళ్తుంది. ఆ చెదిరిపోవడమే వాటి రక్షణ. డబ్బా తీసేసేది సరిగ్గా దాన్నే.

కొన్ని జాతులు ఎందుకు ఓర్చుకుంటాయి

పెంపకందారులు కలిపి పెంచదగ్గవి అని చెప్పే జాతులు కొన్నే. వాటిలో మొదటిది మన నేలదే. వయొలిన్ మాంటిస్, శాస్త్రీయ నామం గాంగైలస్ గాంగైలోడెస్. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే దీనికి పేరు పెట్టాడు. దక్షిణ భారతంలోని పొడి ప్రాంతాల్లో, శ్రీలంకలో ఉంటుంది. పుల్లలాంటి పొడవాటి మెడభాగం, కాళ్లకు ఆకుముక్కల్లాంటి అంచులు, ఎండుకొమ్మ మీద ఉంటే పక్కనే ఉన్నా కనబడదు. తర్వాత ఆఫ్రికా, మడగాస్కర్‌ల ఘోస్ట్ మాంటిస్, తూర్పు ఆఫ్రికాకు చెందిన భారీ పూలమాంటిస్ ఐడోలోమాంటిస్.

వయొలిన్ మాంటిస్ కలిసి ఉండగలగడానికి దాని వేట తీరే ముఖ్య కారణమని నా నమ్మకం. అది వెంటపడి పట్టదు. కొమ్మకు వేలాడుతూ, ఎగిరే ఈగో రెక్కల పురుగో దగ్గరికి వచ్చేదాకా కాచుకుని ఉంటుంది. నేల మీద పాకే కీచురాయిని దాని ముందు వదిలితే చాలాసార్లు పట్టించుకోదు కూడా. పక్కన నిదానంగా ఊగుతూ నడిచే తోటి వయొలిన్ మాంటిస్ కదలికకూ, దూసుకొచ్చే ఈగ కదలికకూ పోలిక లేదు. ఘోస్ట్ మాంటిస్‌దీ అదే బాపతు మందగమనం. దాని పోలిక ముడుచుకున్న ఎండుటాకు, నడక కూడా గాలికి ఆకు కదిలినట్టే.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉంటుంది హైరోడ్యూలా. మన బాల్కనీలో, తోటలో కనబడే పెద్ద ఆకుపచ్చ గొల్లభామ చాలామటుకు ఈ ప్రజాతిదే. ఇది ఏం తినగలదో తెలియాలంటే కర్ణాటకలోనే జరిగిన ఒక సంగతి చాలు. ఒక ఇంటి మేడమీది తోటలో, చిన్న నీటి కుంటలో ఆకుల మీద నిలబడి ఒక మగ హైరోడ్యూలా ఐదు రోజుల్లో తొమ్మిది గప్పీ చేపలను పట్టి తింది. 2018లో ఇది ఒక శాస్త్ర పత్రికలో వచ్చింది. నీళ్లలో ఈదే చేపనే కదలిక చూసి పట్టే పురుగుకి, అదే పెట్టెలో తిరిగే తమ్ముడు ఏ లెక్క! హైరోడ్యూలాలను రెండో మూడో కుబుసం దాటాక కలిపి ఉంచొద్దని నేను ఎవరికైనా గట్టిగా చెబుతాను. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. చిన్న పూలమాంటిస్ క్రియోబ్రోటర్ ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంటుంది. చిన్నప్పుడు కొంత ఓర్పు, పెద్దయ్యాక లేదు.

ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. ఓర్చుకునే జాతులకు కూడా తోడు అవసరం లేదు. చీమలు, చెదలు, తేనెటీగల్లా ఇవి గుంపుగా బతికే పురుగులు కావు. పక్కన ఇంకొకటి లేదని గొల్లభామ బెంగపడదు, ఉంటే ఎదుగుదల బాగుపడదు. మారతహళ్లి పీజీలో ముగ్గురు కొత్తవాళ్లు ఒక గది పంచుకున్నట్టే ఇదీ. ఎవరి మంచం వాళ్లది, అన్నం టైముకి వస్తున్నంతకాలం గొడవ లేదు. కలిపి పెంచడంలో సుఖం ఏదైనా ఉంటే అది పెంచేవాడిది. ఒకే పెట్టె శుభ్రం చేస్తే చాలు, వేడినిచ్చే దీపం ఒక్కటే చాలు, చూడ్డానికి కనుల పండువగా ఉంటుంది. ఇది తప్పేమీ కాదు. కానీ ఎవరి కోసం చేస్తున్నామో స్పష్టంగా ఉంటే, నష్టం వచ్చే సూచన కనబడగానే విడదీయడానికి మనసు వెనకాడదు.

కుబుసం విడిచే గంట

కలిపి పెంచేవాళ్లలో చాలామంది కళ్లు ఒకదాన్నొకటి తినడం మీదే ఉంటాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద గండం కుబుసం. వయొలిన్, ఘోస్ట్ లాంటి సాధు జాతుల పెట్టెల్లో కూడా పురుగులు పోవడానికి ఇది ముఖ్య కారణం. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

గొల్లభామ పుట్టిన దగ్గర్నుంచి రెక్కలు వచ్చేదాకా జాతిని, ఆడా మగా తేడాను బట్టి సుమారు ఆరు నుంచి తొమ్మిది సార్లు కుబుసం విడుస్తుంది. విడవడానికి కొన్ని రోజుల ముందే తిండి మానేస్తుంది. పొట్ట నిండుగా ఉన్నా ఈగను పట్టదు, పైగా ఈగ దగ్గరికొస్తే తప్పుకుంటుంది. రెక్కలు రాబోయే చివరి కుబుసానికి ముందైతే వీపు మీది రెక్కల మొగ్గలు ఉబ్బుతాయి. ఆ తర్వాత పైకెక్కి, పెట్టె కప్పునో కొమ్మనో వెనకకాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. వీపు దగ్గర పాత తోలు చీలుతుంది. దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది, మెత్తటి కొత్త శరీరం జారుతూ బయటికొస్తుంది. కాళ్లన్నీ బయటపడ్డాక కాసేపు అలాగే వేలాడి, మెల్లగా పైకి వంగి తన పాత తోలునే పట్టుకుని ఆరుతుంది. అప్పటికి దాని కాళ్లకు బలం ఉండదు, ముళ్లు గట్టిపడి ఉండవు. రక్షించుకోవడం అటుంచి, పారిపోవడమూ చేతకాదు.

సరిగ్గా ఆ సమయంలో పెట్టెలో ఇంకొకటి నడుచుకుంటూ వస్తే ఏమవుతుంది? తినాలనే ఉద్దేశమే అక్కర్లేదు. దాన్ని కొమ్మ అనుకుని ఎక్కినా, పక్కనుంచి తోసుకుని పోయినా, వేలాడుతున్నది పట్టు తప్పి కిందపడుతుంది. సగం తోలులో ఇరుక్కుని పడిన గొల్లభామ కాళ్లు, మెడ వంకరగానే గట్టిపడతాయి. ముందుకాలు వంకరపోయింది వేటాడలేదు. చివరి కుబుసంలో పడితే రెక్కలు ముడుచుకుపోతాయి. ఇక ఆకలిగా ఉన్నది ఎదురైతే, మెత్తగా, మెల్లగా కదులుతూ వేలాడుతున్నది దానికి తేలిక తిండి. తిండి కోసం వదిలిన కీచురాళ్లు పెట్టెలో మిగిలిపోయినా అంతే, అవి కుబుసం విడుస్తున్న గొల్లభామనే కొరుకుతాయి. సాయంత్రానికి మిగిలిన కీచురాళ్లను తీసేయడం అందుకే తప్పనిసరి.

దీన్నిబట్టి చోటు లెక్క తెలుస్తుంది. పెట్టె ఎత్తు పురుగు పొడవుకి కనీసం మూడింతలు ఉండాలన్నది పెంపకందారుల పాత సూత్రం, ఎందుకంటే వేలాడినప్పుడు కిందికి జారడానికి అంత ఖాళీ కావాలి. ఇది ఒక్కదానికి. కలిపి పెంచేటప్పుడు ఎత్తు కన్నా కప్పు వైశాల్యం ముఖ్యం. అన్నీ పైకే ఎక్కి వేలాడతాయి కాబట్టి నేల ఎంత పెద్దదైనా లాభం లేదు. ఒకటి వేలాడుతుంటే దాని చుట్టూ ముందుకాలు చాచినంత దూరంలో ఇంకొకటి లేకుండా ఉండేంత కప్పు కావాలి. ఆ కప్పు గాజుదో నున్నటి ప్లాస్టిక్‌దో అయితే పట్టు దొరకదు, జాలీ ఉండాలి. సీతాకోకచిలుకల పెంపకానికి వాడే జిప్పు ఉన్న మడత జాలీ పెట్టెలు దీనికి బాగా పనికొస్తాయి. నిలువుగా పుల్లలు ఎక్కువ పెట్టి, మధ్యలో ఎండుటాకులు కట్టి, ఒకదానికొకటి కనబడకుండా తెరలు చేస్తే పోట్లాటలు ఇంకా తగ్గుతాయి.

పరిమాణం సంగతి కూడా కుబుసంతోనే ముడిపడి ఉంది. ఒకే గుడ్ల గూడులోంచి ఒకే రోజు వచ్చినవాటికి సమానంగా తిండి పెట్టినా తేడా వచ్చి తీరుతుంది. ఎందుకంటే మగవి సాధారణంగా ఆడవాటి కన్నా తక్కువ కుబుసాలతో, ముందే ఎదిగిపోతాయి, చిన్నగా మిగులుతాయి. కాబట్టి "అన్నీ ఒకే వయసువి" అన్న ధీమా మధ్య వయసు దాకానే. అక్కడి నుంచి మగ, ఆడ విడదీయడం మొదలుపెట్టాలి. పొట్ట కింది వైపు చూస్తే ఆడవాటికి ఆరు ఖండాలు, మగవాటికి ఎనిమిది కనబడతాయి. చిన్నప్పుడు పోల్చుకోవడం కష్టం, సగం పెరిగాక భూతద్దంతో తెలుస్తుంది.

బెంగళూరు చలి, బెంగళూరు తిండి

ఈ ఊరి వాతావరణం మనుషులకు వరం, వయొలిన్ మాంటిస్‌కు కాదు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది. వయొలిన్ మాంటిస్‌కు పగలు 30 నుంచి 35 డిగ్రీల వేడి, పొడి గాలి కావాలి. చెన్నైలో ఉన్న పెంపకందారుడు ఏ దీపమూ లేకుండా నెట్టుకొస్తాడేమో, ఇక్కడ కుదరదు. చలిలో ఉన్న గొల్లభామకు అరగదు, తినదు, కుబుసం ఆలస్యమవుతుంది. పెట్టెలో దీపం కిందున్న మూల వెచ్చగా, ఎదుటి మూల చల్లగా ఉంటే కొన్ని గబగబా పెరుగుతాయి, కొన్ని వెనకబడతాయి. మళ్లీ అదే సైజు తేడా. కలిపి పెంచేవాళ్లు వేడిని కూడా తిండిలాగే అన్నింటికీ సమానంగా పంచాలి. దీపం పెట్టె బయట, కప్పు అంతా కవరయ్యేలా ఉండాలి. లోపల థర్మామీటర్ రెండు చోట్ల పెట్టి చూడండి, ఒక్కచోట చూస్తే మోసపోతాం. హైరోడ్యూలాకు మాత్రం ఈ ఊరి వాతావరణం బాగా సరిపోతుంది, దీపం గొడవ పెద్దగా లేదు.

తిండి విషయంలో మొదటి కుబుసాల పిల్లలకు పండు ఈగలు సరిపోతాయి. బాగా మగ్గిన అరటిపండు ముక్క సీసాలో వేసి తెరిచి ఉంచితే అవే చేరతాయి. మూతికి గుడ్డ కట్టి ఉంచితే కొద్ది రోజులకు సీసా నిండా ఈగలు. తర్వాత ఇంటి ఈగలు, ఆ తర్వాత రెక్కల పురుగులు. పాత బియ్యంలో, పిండిలో పట్టే బూడిదరంగు రెక్కల పురుగు, కార్సిరా, వయొలిన్ మాంటిస్‌కు మంచి తిండి. దీన్ని మన దేశంలో జీవనియంత్రణ ల్యాబుల్లో జొన్న, సజ్జ రవ్వ మీద పెద్ద ఎత్తున పెంచుతారు. పంట పురుగుల గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా పరాన్నజీవిని తయారుచేయడానికి దీని గుడ్లు కావాలి. అదే పద్ధతిలో ఇంట్లో ఒక డబ్బాలో పెంచుకోవచ్చు, కాకపోతే వంటింటికి దూరంగా. అది బియ్యం డబ్బాలోకి చేరితే ఇంట్లో వినాల్సిన మాటలు వేరే ఉంటాయి. కీటకాల మీద అంత ఆసక్తి ఉన్నవాళ్లకు హెబ్బాళ దగ్గర భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉందన్న సంగతి కూడా తెలిసుండాలి.

కలిపి పెంచేటప్పుడు తిండి ఎంత అన్న ప్రశ్నకు పద్ధతి వేరు. ఒంటరి గొల్లభామకు రెండు మూడు రోజులకోసారి పెట్టినా నష్టం లేదు. కలిసి ఉన్నప్పుడు పెట్టెలో ఎప్పుడూ ఎగిరే ఈగలు ఉండాలి, ప్రతి పురుగుకూ అందుబాటులో. పదింటికి పది ఈగలు వదిలితే సరిపోదు. రెండు చురుకైనవి ఆరింటిని తినేస్తాయి, మిగతావి పస్తులుంటాయి. పొట్టను చూస్తే ఎవరు తింటున్నారో తెలుస్తుంది. నిండుగా గుండ్రంగా ఉన్నది తిన్నది, చదునుగా అతుక్కున్నది ఆకలిది. రోజూ ఒకసారి అన్నింటి పొట్టలూ చూసి, చదునుగా ఉన్నదాన్ని ఆ పూటే వేరే డబ్బాలోకి మార్చి, పట్టకారుతో ఈగను అందించి తినిపించడం నా పద్ధతి. సెలవుకు ఊరెళ్లేవాళ్లు కలిపి పెంచే పెట్టెను వదిలి వెళ్లొద్దు. సంక్రాంతికి నాలుగు రోజులు నెల్లూరో కడపో వెళ్లొచ్చేసరికి లెక్క మారిపోయి ఉంటుంది.

ఇక ఈ ఊరి గదుల్లో మామూలుగా ఉండే ప్రమాదం ఒకటి ఉంది. దోమల లిక్విడ్ మెషీన్, కాయిల్, అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి కొట్టే పెస్ట్ కంట్రోల్ మందు, వీధిలో దోమల కోసం వదిలే పొగ, ఇవన్నీ గొల్లభామకూ విషమే. ఆ మందు తగిలిన ఈగను తిన్నా ప్రమాదమే. పొగ కొట్టిన వారంలో బయట పట్టిన పురుగులు పెట్టొద్దు. దోమల మెషీన్ పెట్టుకునే పడగ్గదిలోనే పెట్టె ఉంచి, పురుగులు వరసగా పోతుంటే ఒకదాన్నొకటి కొరికి చంపుకున్నాయని అనుకునేవాళ్లను నేను చూశాను.

ఆడ, మగ

గొల్లభామ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆడది మగదాన్ని తినేస్తుందన్న మాటే. నిజమే కానీ, అంత ఖాయమేమీ కాదు. 1980లలో లిస్కె, డేవిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చైనా మాంటిస్‌లకు కడుపునిండా తిండి పెట్టి, మనుషులెవరూ దగ్గర లేకుండా కెమెరాతో చిత్రీకరించినప్పుడు, తినడానికి బదులు మగ, ఆడ రెండూ చేసే సుదీర్ఘమైన సంకేతాలు, ఊగుళ్లు బయటపడ్డాయి. ఇదే జాతిలో బయట పొలాల్లో కలిసిన జంటల్లో 13 నుంచి 28 శాతం దాకా మగది ఆహారమవుతుందని అంచనా. తిన్న ఆడది ఆ పోషకాలను గుడ్లలోకి మళ్లిస్తుందని 2016లో బ్రౌన్, బారీ అనే పరిశోధకులు చూపించారు. ఆకలితో ఉన్న ఆడదాన్ని గుర్తించి మగది మరింత జాగ్రత్తగా, ఎక్కువ దూరం నుంచి మెల్లగా వస్తుందని కూడా తేలింది. అంటే మగదానికి ప్రాణాల మీద ఆశ బాగానే ఉంది. పెట్టెలో దానికి లేనిది వెనక్కి ఎగిరిపోయే దారి.

అందుకే రెక్కలొచ్చిన ఆడ, మగలను ఒకే పెట్టెలో శాశ్వతంగా ఉంచడం, ఎంత సాధు జాతిలోనైనా, నాకు ఇష్టం లేదు. వయొలిన్, ఘోస్ట్‌లలో చాలామంది ఉంచుతారు, చాలాసార్లు ఏమీ కాదు కూడా. హైరోడ్యూలాలో అయితే జత కట్టించే రోజునే కలపాలి. ఆడదానికి చివరి కుబుసం తర్వాత కొన్ని వారాలు గడవాలి, కలిపే ముందు రోజులన్నీ బాగా మేపాలి, అది ఒక పెద్ద ఈగనో బొద్దింకనో తింటూ ఉండగా మగదాన్ని వెనకవైపు నుంచి వదలాలి. దగ్గరే ఉండి చూసి, పని కాగానే మగదాన్ని తీసేయాలి.

వేర్వేరు జాతులను కలిపి పెట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వద్దు. సైజు, వేడి, తేమ ఏవీ కలవవు. పైగా జాతి వేరైనా ఆకర్షణ పనిచేసి ప్రాణం తీసిన ఉదాహరణ న్యూజిలాండ్‌లో ఉంది. దక్షిణాఫ్రికా మాంటిస్ ఒకటి 1978లో ఆక్లాండ్‌లో కనబడింది. అక్కడి స్థానిక జాతి మగవి ఈ పరాయి ఆడవాటి వాసనకు ఆకర్షితమై వెళ్లి వాటికే ఆహారమవుతున్నాయని 2013లో పరిశోధకులు చూపించారు. విదేశీ జాతుల గుడ్ల గూళ్లను చాటుగా తెప్పించుకునేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. బతికున్న కీటకాలను దేశంలోకి తేవడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. అలాగే బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానవనంలోంచి ఏ ప్రాణినైనా, పురుగునైనా సరే, తీసుకురావడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. వయొలిన్ మాంటిస్ కావాలనుకుంటే ఇంట్లో గుడ్లు పెట్టించి పెంచినవాళ్ల దగ్గర అడిగి తీసుకోవడం మర్యాద.

కరివేపాకు మొక్క మీది గూడుకు ఏం చేయాలి

గుడ్ల గూడు కనబడినప్పుడు దాన్ని కొమ్మతో సహా అక్కడే వదిలేయడం అన్నింటికన్నా మంచిది. వాతావరణాన్ని బట్టి నెలా నెలన్నరకు పిల్లలు వస్తాయి, మీ మొక్కల మీది పేనుబంకను, ఈగలను తిని పెరుగుతాయి. పిల్లలు మరీ సరదా పడితే మూడు నాలుగింటిని మాత్రం తీసుకోండి, మిగతావాటిని బాల్కనీలోనూ కింది తోటలోనూ దూరదూరంగా ఉన్న మొక్కల మీద కొన్ని కొన్నిగా వదలండి. తీసుకున్నవాటిని మొదటి కుబుసం దాకా ఒకే సీసాలో, నిండా పండు ఈగలతో ఉంచినా ఫర్వాలేదు. ఆ తర్వాత ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కప్పు ఇవ్వండి. లోపల ఒక పుల్ల, అడుగున టిష్యూ కాగితం, రోజు విడిచి రోజు కప్పు గోడ మీద రెండు చుక్కల నీళ్లు. మూతకు బదులు పల్చటి నూలుగుడ్డ కప్పి రబ్బరు బ్యాండ్ వేయండి. దోమతెర కంతల్లోంచి పండు ఈగలు జారిపోతాయి. గుడ్డ వదులుగా కిందికి జారకుండా బిగుతుగా లాగి కట్టండి, కుబుసం విడిచేటప్పుడు అది వేలాడేది ఆ గుడ్డ పట్టుకునే.